డెబియన్ 12కి మారాక డీవీడీ డ్రైవు మధ్యలో మాయమవుతోంది: లోపం ఎస్ఆర్ డ్రైవర్‌లోనా, ఇంకెక్కడైనానా?

ప్రశ్న: కొర్లగుంట స్టూడియో, తిరుపతి

నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మాకు ఒక చిన్న ఫొటో స్టూడియో ఉంది. మా నాన్నగారు 2005 నుంచి 2012 వరకు తీసిన పెళ్లిళ్లు, సీమంతాలు, గంగమ్మ జాతరలో బైరాగి వేషం మొదలుకొని మాతంగి వేషం దాకా తీసిన వీడియోలు అన్నీ డీవీడీలలోనే ఉన్నాయి. మొత్తం మూడు వందలకు పైగా డిస్కులు. కొన్నింటి మీద అప్పుడే మచ్చలు కనబడుతున్నందువల్ల, ఆలస్యం చేయకుండా అన్నింటినీ హార్డ్ డిస్కులోకి ఎక్కించాలని పని మొదలుపెట్టాను.

ఇందుకు వాడుతున్నది డీవీడీ రైటర్ లోపలే ఉన్న పాత ల్యాప్‌టాప్. అందులో డెబియన్ 11 (లైనక్స్‌లో ఒక రకం) ఉన్నంత కాలం దాదాపు అరవై డిస్కులు ఏ ఆటంకమూ లేకుండా ఎక్కాయి. గత నెలలో డెబియన్ 12కి మార్చాను. దానితో కెర్నెల్, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, 5.10 నుంచి 6.1 అయింది. అప్పటి నుంచి ఒక్క డిస్కు కూడా చివరిదాకా రావడం లేదు. కాపీ బాగానే మొదలవుతుంది. మధ్యలో నేను ఒక నిమిషం ఆపి ఫైళ్ల పేర్లు సరిచూసుకొని మళ్లీ మొదలుపెడితే డ్రైవు దీపం వెలిగిపోయి అలాగే ఉంటుంది, డిస్కు తిరిగే చప్పుడు ఆగిపోతుంది, సరిగ్గా అర నిమిషం పాటు ఏ కదలికా ఉండదు. ఆ తర్వాత డీమెస్గ్‌లో, అంటే కెర్నెల్ సందేశాల చిట్టాలో, ఈ వరుసలు వస్తాయి.

ఏటీఏ2.00: ఎక్సెప్షన్ ఈమాస్క్ 0x0 ఎస్‌యాక్ట్ 0x0 ఎస్ఎర్ 0x0 యాక్షన్ 0x6 ఫ్రోజెన్
ఏటీఏ2: హార్డ్ రీసెట్టింగ్ లింక్
ఏటీఏ2: సాటా లింక్ అప్ 1.5 జీబీపీఎస్
ఏటీఏ2.00: క్యూసీ టైమౌట్ (కమాండ్ 0xa1)
ఏటీఏ2.00: డిసేబుల్డ్

ఇంతవరకు వచ్చాక డ్రైవుకు గుర్తుగా ఉండే /డెవ్/ఎస్ఆర్0 కనబడదు. బటన్ నొక్కినా ట్రే బయటకు రాదు. ముందువైపు ఉన్న సన్నని రంధ్రంలో గుండుసూది గుచ్చి డిస్కు తీసుకోవలసి వస్తోంది. రీబూట్ చేస్తే డ్రైవు మళ్లీ కనబడుతుంది, మళ్లీ అదే కథ. ఎస్ఆర్ డ్రైవర్ ఉండే ఎస్ఆర్_మోడ్ మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కించి చూశాను, ప్రయోజనం లేదు. కొత్త కెర్నెల్‌లో ఎస్ఆర్ డ్రైవర్ చెడిపోయిందా, లేక డ్రైవే చివరికి వచ్చిందా, తెలుసుకొనే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. కొత్త డ్రైవు కొనడానికి అభ్యంతరం లేదు. కొన్న తర్వాత కూడా ఇదే జరుగుతుందేమోనన్నదే నా భయం.

జవాబు: మరమ్మతు బల్ల, చిత్తూరు

అన్నగారూ, మీరు డీమెస్గ్ వరుసలు యథాతథంగా పెట్టడం చాలా మేలు చేసింది. వాటిలోనే సగం సమాధానం ఉంది. ప్రతి వరుస ముందూ ఏటీఏ2 అని ఉంది చూడండి, ఎస్ఆర్0 అని లేదు. దీని అర్థం తెలియాలంటే డిస్కుకూ మీ కాపీ ఆదేశానికీ మధ్య ఎన్ని అంతస్తులున్నాయో ఒకసారి చూడాలి. అన్నింటికంటే పైన సీడీరామ్ మాడ్యూల్ ఉంటుంది. ట్రే తెరవడం, తాళం వేయడం, డిస్కు మారిందో లేదో చూడడం వంటి అన్ని డ్రైవులకూ ఉమ్మడి పనులు దానివి. దాని కింద ఎస్ఆర్_మోడ్ ఉండి, ‘ఈ సెక్టార్ చదువు’ అన్న కోరికను స్కజీ (నిల్వ పరికరాలతో మాట్లాడే ఒక ఆదేశ భాష) ఆదేశంగా తయారుచేస్తుంది. ఆ ఆదేశం స్కజీ మధ్య పొర గుండా, సాటా డ్రైవులను చూసుకొనే లిబ్‌ఏటీఏకు చేరితే, లిబ్‌ఏటీఏ దాన్ని 0xa0 అనే ప్యాకెట్ ఆదేశంలో చుట్టి, అట్టడుగున ఉన్న ఏహెచ్‌సీఐ డ్రైవర్ చేతికిస్తుంది. డ్రైవును కలిపే సాటా తీగ మీదికి పంపేది ఏహెచ్‌సీఐ.

మీ దగ్గర పడిపోతున్నది ఆ కింది అంతస్తు. ఎస్ఆర్ పంపిన ఆదేశానికి గడువు 30 సెకన్లు. మీరు గమనించిన అర నిమిషం నిశ్శబ్దం అదే. గడువు తీరాక లిబ్‌ఏటీఏ లింకును రీసెట్ చేసి, 0xa1 ఆదేశంతో ‘నువ్వెవరు’ అని డ్రైవును అడుగుతోంది. దానికి కూడా జవాబు రాకపోవడంతో చివరికి డ్రైవును జాబితా నుంచి తొలగిస్తోంది. తన పేరు చెప్పమంటేనే పలకని డ్రైవుకు పైన ఎస్ఆర్_మోడ్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా ఉపయోగం ఉండదు.

డిస్కు చెడిపోయి ఉంటే వచ్చే వరుసలు ఇలా ఉండవు. అప్పుడు ఎస్ఆర్0 పేరుతోనే ‘సెన్స్ కీ: మీడియం ఎర్రర్’ అని వస్తుంది, సెక్టార్ సంఖ్య కూడా వస్తుంది. అంటే డ్రైవు మెలకువగా ఉండి, ఈ చోటు చదవలేకపోయానని తానే చెబుతున్నదన్న మాట. మీ డ్రైవు ఏమీ చెప్పకుండా మూగబోతోంది.

కాబట్టి ముందుగా రెండు పరీక్షలు చేయండి. డెబియన్ 12కి మారినా పాత 5.10 కెర్నెల్‌ను మీరు తీసేసి ఉండకపోతే గ్రబ్ అనే బూట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద అది ఇంకా ఉంటుంది. దానితో బూట్ చేసి, అదే డిస్కును, మధ్యలో అదే విధంగా ఒక నిమిషం ఆపి, కాపీ చేయండి. రెండోది, 6.1లో డిస్కు పెట్టకుండా ఖాళీ ట్రేతో పది నిమిషాలు వదిలేసి డీమెస్గ్ చూడండి. ఈ రెండు పరీక్షలు అయ్యేదాకా ఇంకేమీ మార్చవద్దు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది ఫలించిందో తర్వాత తెలియదు.

జవాబు: తిరుచానూరు రోడ్డు

పాత కెర్నెల్‌లోనే ఉండిపోవడం మంచిదని నా అభిప్రాయం. కొత్త కెర్నెల్‌లలో సీడీ, డీవీడీ డ్రైవర్లను తీసేశారని ఎక్కడో చదివాను. వాడేవారు తగ్గిపోయాక అటువంటివాటిని ఎవరు చూసుకుంటారు?

జవాబు: మరమ్మతు బల్ల, చిత్తూరు

ఈ మాట చాలామంది నోట వింటున్నాను కనుక స్పష్టం చేయడం అవసరం. 2021లో వచ్చిన 5.14 కెర్నెల్‌లో తీసేసింది పాత ఐడీఈ డ్రైవర్ల వ్యవస్థను మాత్రమే. డీవీడీ డ్రైవు హెచ్‌డీసీ అనే పేరుతో కనబడిన రోజులు మనలో కొందరికి గుర్తుండే ఉంటాయి, ఆ పేరు పెట్టింది ఆ వ్యవస్థే. దాని స్థానంలోకి లిబ్‌ఏటీఏ వచ్చి చాలా ఏళ్లయింది. వెడల్పాటి పట్టీ తీగతో కలిపే పాత డ్రైవులను కూడా అదే నడుపుతుంది. ఎస్ఆర్, సీడీరామ్ మాడ్యూళ్లు 6.1లో యథాప్రకారం ఉన్నాయి. పైగా నెట్‌కు కలిపే యంత్రాన్ని డెబియన్ 12లో భద్రతా సవరణలు అందని పాత కెర్నెల్ మీద ఉంచమని నేను ఎవరికీ చెప్పలేను. పాత కెర్నెల్ ఇక్కడ పరీక్ష వరకే, కాపురానికి కాదు.

ప్రశ్న అడిగినవారు: కొర్లగుంట స్టూడియో

రెండు పరీక్షలూ నిన్న రాత్రి చేశాను. ఫలితం నన్నే ఆశ్చర్యపరిచింది. 5.10తో బూట్ చేసినా డ్రైవు అదే విధంగా పడిపోయింది! అరవై డిస్కులు చదివిన కెర్నెల్ అదే కదా. ఇక ఖాళీ ట్రే పరీక్షలో నాలుగు నిమిషాలు గడిచేలోపే ‘ఫ్రోజెన్’ వరుస వచ్చింది. దాని కింద ఇంతకుముందు నేను పట్టించుకోని ఒక వరుస ఉంది: ‘గెట్ ఈవెంట్ స్టేటస్ నోటిఫికేషన్ 4a 01’. డిస్కే లేనప్పుడు ఈ ఆదేశాన్ని ఎవరు పంపుతున్నారు? ఇవన్నీ చూస్తే డ్రైవు నిజంగానే పోయిందని అనుకోవాలా?

జవాబు: లీలామహల్ సర్కిల్ నుంచి, తిరుపతి

ఇప్పుడే డ్రైవును పారేయవద్దు సార్. నేను ఎంబెడెడ్ లైనక్స్ పని చేస్తాను. మీ రెండు ఫలితాలూ కలిపి చూస్తే ఒక దారి కనబడుతోంది.

ముందు మీ సందేహం తీరుస్తాను. 4a అనే ఆదేశం పంపుతున్నది కెర్నెలే. ట్రేలో ఎవరైనా డిస్కు పెట్టారా, బటన్ నొక్కారా అని తెలుసుకోవడానికి అది డ్రైవును మాటిమాటికీ అడుగుతూ ఉంటుంది. పరికరాలను గుర్తించే యూడెవ్ సేవ నియమం ప్రకారం మామూలుగా ఈ విరామం 2000 మిల్లీసెకన్లు, అంటే రెండు సెకన్లకు ఒకసారి. ఆ చిన్న ప్రశ్నకే డ్రైవు మూగబోతోంది కనుక మీ డిస్కులు ఈ విషయంలో నిర్దోషులు. పాత కెర్నెల్‌లో కూడా అదే జరిగింది కనుక కెర్నెల్ కూడా నిర్దోషే అనిపిస్తోంది. మిగిలినవి రెండు: డ్రైవు అదే సమయానికి పాడై ఉండాలి, లేదా డెబియన్ మార్చిన రోజునే మీరు ఇంకేదో కూడా మార్చి ఉండాలి.

నా అనుమానం లింకు పొదుపు మీద, అంటే పని లేనప్పుడు సాటా లింకును నిద్రపుచ్చి కరెంటు ఆదా చేయడం మీద. సాటా లింకుకు రెండు రకాల నిద్రలున్నాయి. ‘పార్షియల్’ అనేది కునుకు వంటిది, దాని నుంచి 10 మైక్రోసెకన్లలోపు లేవాలి. ‘స్లంబర్’ గాఢనిద్ర, దానికి 10 మిల్లీసెకన్ల గడువు. నిద్రలోకి వెళ్లమని ఏహెచ్‌సీఐ వైపు నుంచైనా అడగవచ్చు, డ్రైవే అడగవచ్చు. ఏ మేరకు నిద్రపోనివ్వాలో ఒక పాలసీ ఫైలు నిర్ణయిస్తుంది. అందులో ‘మ్యాక్స్_పెర్ఫార్మెన్స్’ అని ఉంటే నిద్ర లేదు, ‘మిన్_పవర్’ అని ఉంటే అవకాశం దొరికినప్పుడల్లా గాఢనిద్ర. గాఢనిద్ర నుంచి సరిగా మేలుకోలేని ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి ప్రోగ్రాం) ఉన్న డ్రైవులు ఉన్నాయి. అటువంటి కొన్నింటి మోడల్ పేర్లను కెర్నెల్ తన మూలంలోనే ఒక పట్టికగా రాసిపెట్టుకొని, వాటికి ఈ పొదుపు వర్తించకుండా చూస్తుంది. ఆ పట్టికలో ఆప్టికల్ డ్రైవులు కూడా ఉన్నాయి. మీ మోడల్ అందులో లేకపోవచ్చు. మిన్_పవర్ వల్ల కొన్ని ఎస్ఎస్‌డీలతో కూడా ఇబ్బందులు వచ్చినందువల్లే, 4.15 కెర్నెల్ నుంచి ‘మెడ్_పవర్_విత్_డీఐపీఎమ్’ అనే మధ్యరకం పాలసీని చేర్చారు.

కాపీ ఆగకుండా నడుస్తున్నప్పుడు లింకుకు నిద్రపోయే వీలుండదు. మీరు ఒక నిమిషం ఆపినప్పుడే పడిపోతోందన్నారు చూడండి, ఆ ఒక్క మాటే నన్ను ఇటు నడిపించింది.

మీరు చేయవలసింది ఇది. డ్రైవు కనబడుతున్నప్పుడు /సిస్/బ్లాక్/ఎస్ఆర్0 అనే లంకె ఎక్కడికి చూపుతోందో రీడ్‌లింక్‌తో చూడండి. దారి మధ్యలో ఏటీఏ2, దాని పక్కనే హోస్ట్1 అని ఉంటుందనుకుంటున్నాను. ఏటీఏ లెక్క 1 నుంచి, హోస్ట్ లెక్క 0 నుంచి మొదలవుతాయి కనుక అంకెలు ఒకటి కావు. అన్ని యంత్రాలలో ఒక్కటే తేడా ఉంటుందని కూడా లేదు కనుక కళ్లారా చూసుకోవడమే మంచిది. ఆ తర్వాత /సిస్/క్లాస్/స్కజీ_హోస్ట్/హోస్ట్1 లోపల ఉన్న లింక్_పవర్_మేనేజ్‌మెంట్_పాలసీ అనే ఫైలు తెరిచి, అందులో ఏముందో ఇక్కడ రాయండి. టీఎల్‌పీ వంటి బ్యాటరీ పొదుపు సాధనం ఏదైనా పెట్టుకున్నారా? అది కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: కొర్లగుంట స్టూడియో

పెట్టుకున్నాను సార్, ఆ సంగతి ముందే చెప్పవలసింది. మా వీధిలో మధ్యాహ్నం పూట కరెంటు పోతూ ఉంటుంది. బ్యాటరీ మీద ఇంకొంచెం సేపు నిలబడుతుందని, డెబియన్ 12 ఎక్కించిన రోజునే టీఎల్‌పీ కూడా పెట్టి, దాని అమరికల ఫైలులో సాటా లింకుకు సంబంధించిన రెండు వరుసలలోనూ, అంటే కరెంటు ఉన్నప్పటికీ బ్యాటరీ మీద ఉన్నప్పటికీ, మిన్_పవర్ అని నేనే రాశాను. టీఎల్‌పీ కెర్నెల్‌లో భాగం కాదు కనుక దానికీ డ్రైవుకూ సంబంధం ఉంటుందన్న ఆలోచనే రాలేదు. పాత కెర్నెల్‌తో బూట్ చేసినా టీఎల్‌పీ అదే విధంగా నడుస్తుందని మీ వివరణ చదివాకే వెలిగింది.

మీరు చెప్పినట్టే లంకె ఏటీఏ2, హోస్ట్1 అని చూపింది. పాలసీ ఫైలులో మిన్_పవర్ అని ఉంది. రూట్‌గా అందులో మ్యాక్స్_పెర్ఫార్మెన్స్ అని రాసి, ఒక డిస్కు పెట్టి, కావాలని రెండు సార్లు ఐదేసి నిమిషాలు ఆపి కాపీ చేశాను. చివరిదాకా వచ్చింది. 6.1 మీదే.

జవాబు: లీలామహల్ సర్కిల్ నుంచి, తిరుపతి

చాలా సంతోషం. అయితే చేత్తో రాసిన విలువ రీబూట్‌తో పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే /ఈటీసీ/టీఎల్‌పీ.కాన్ఫ్ ఫైలులో సాటా_లింక్‌పీడబ్ల్యూఆర్_డినైలిస్ట్ అనే అమరికకు హోస్ట్1 అని ఇవ్వండి. ఆ తర్వాత టీఎల్‌పీ ఆ లింకు జోలికి పోదు. మిగతా రెండు వరుసలలో మిన్_పవర్ తీసేసి మెడ్_పవర్_విత్_డీఐపీఎమ్ పెట్టండి. హోస్ట్0 మీద మీ హార్డ్ డిస్కు ఉంటుంది కనుక అక్కడ బ్యాటరీ పొదుపు కొంత దొరుకుతుంది, మిన్_పవర్ వల్ల వచ్చే ప్రమాదమూ తప్పుతుంది. టీఎల్‌పీ తీసేసినా ఎప్పుడైనా ఈ ఇబ్బంది మళ్లీ వస్తే, బూట్ వరుసలో లిబ్‌ఏటీఏ.ఫోర్స్=2:నోఎల్‌పీఎమ్ అని చేర్చే మార్గం కూడా ఉంది. అక్కడ 2 అనేది ఏటీఏ2లోని 2, హోస్ట్ అంకె కాదు.

ఎప్పుడైనా డ్రైవు పడిపోతే రీబూట్ దాకా వెళ్లవలసిన పని లేదు. హోస్ట్1 సంచిలోనే స్కాన్ అనే ఫైలు ఉంటుంది. దానిలోకి మూడు అడ్డగీతలు, మధ్యలో ఖాళీలతో, రాస్తే కెర్నెల్ ఆ లింకును మళ్లీ వెతుకుతుంది. చాలాసార్లు డ్రైవు తిరిగి వస్తుంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు

నాయనా, ఇంతవరకు చదివి ఆనందించాను. నేను కూడా కళాశాల పాఠాలు నింపిన పాత డిస్కులను రెండేళ్ల క్రితం ఇలాగే ఎక్కించాను. డ్రైవర్ గొడవ తీరాక అసలు డిస్కుల గొడవ మొదలవుతుంది కనుక ఆ సంగతి నాలుగు మాటలు చెబుతాను.

మచ్చలున్న డిస్కుకు మామూలు కాపీ ఆదేశం వాడవద్దు. చెడిన డిస్కుల నుంచి డేటా రాబట్టే డీడీరెస్క్యూ వాడు. సెక్టార్ పరిమాణం 2048 అని తప్పనిసరిగా చెప్పాలి. మొదటి విడత చిన్న ఎన్ ఎంపికతో నడిపితే, సులువుగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది, చెడిన చోట్ల దగ్గర డ్రైవు గంటల కొద్దీ అవస్థ పడదు. రెండో విడత చిన్న డీ, ఆర్3 ఎంపికలతో నడిపితే, మిగిలిపోయిన చోట్లను నేరుగా డ్రైవు నుంచి మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. రెండు విడతలకూ ఒకే మ్యాప్‌ఫైలు ఇవ్వాలి. ఏది వచ్చింది, ఏది రాలేదు అనే లెక్కంతా అందులోనే ఉంటుంది. మీ వీధిలో కరెంటు పోయి యంత్రం ఆగిపోయినా, ఆ ఫైలు ఉంటే ఆగిన చోటు నుంచే సాగుతుంది.

డీవీడీలో తప్పులు దిద్దే లెక్క 16 సెక్టార్లకు కలిపి ఒకటిగా ఉంటుంది, అంటే 32 కిలోబైట్లు. ఆ దిద్దుబాటు ఒకచోట విఫలమైతే పదహారు సెక్టార్లూ కలిసి పోతాయి. అందువల్ల మ్యాప్‌ఫైలులో రంధ్రాలు ఎక్కువగా 32 కిలోబైట్ల గుణిజాలలో కనబడతాయి, అది చూసి డ్రైవర్‌ను అనుమానించకు. మీ నాన్నగారి దగ్గర సీడీలు కూడా ఉంటే ఇంకొక మాట. ట్రాక్ ఎట్ వన్స్ (ఒక్కో ట్రాక్‌ను విడిగా రాసే) పద్ధతిలో రాసిన సీడీకి చివర రెండు సెక్టార్లు చదవడానికి వీలులేనివిగా ఉంటాయి. వాటి దగ్గర ఐఓ ఎర్రర్ వస్తుంది, కానీ మీ ఫైళ్లలో ఏదీ పోదు. నేను ఆ సంగతి తెలియక ఒక వారం పాటు మంచి సీడీలను చెడిపోయినవిగా పక్కన పెట్టాను.

ప్రశ్న అడిగినవారు: కొర్లగుంట స్టూడియో

అయ్యవారికీ, చిత్తూరు తమ్ముడికీ, లీలామహల్ సార్‌కూ నా కృతజ్ఞతలు. టీఎల్‌పీలో చెప్పిన రెండు మార్పులూ చేసి రీబూట్ చేశాను. హోస్ట్1 పాలసీ మ్యాక్స్_పెర్ఫార్మెన్స్ అని కనబడుతోంది. నాలుగు రోజుల్లో ఇరవై తొమ్మిది డిస్కులు చదివాను, మధ్యలో మూడు సార్లు కరెంటు పోయింది, బ్యాటరీ మీద కూడా ఏటీఏ2 పేరుతో ఒక్క వరుస రాలేదు.

ఒక్క డిస్కు మాత్రం ఇబ్బంది పెట్టింది, 2007 జాతరది. దాని అంచున గోరంత మచ్చ ఉంది. ఈసారి వచ్చిన వరుస మీరు చెప్పిన రెండో రకానిది: ఎస్ఆర్0, సెన్స్ కీ మీడియం ఎర్రర్, కింద సెక్టార్ సంఖ్య. డీడీరెస్క్యూ రెండు విడతలూ అయ్యాక 96 కిలోబైట్లు మిగిలాయి, అంటే అయ్యవారి లెక్క ప్రకారం మూడు ముక్కలు. వీడియో తెరిచి చూస్తే, తోటి వేషం వీధి మలుపు తిరిగే చోట ఒక క్షణం బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి మళ్లీ కుదురుకుంటోంది. పక్క స్టూడియోలో బల్ల మీది కంప్యూటర్‌కు వేరే రకం డీవీడీ రైటర్ ఉంది. రేపు ఈ డిస్కునూ, ఇదే మ్యాప్‌ఫైలునూ అక్కడికి తీసుకువెళ్లి, ఆ మూడు ముక్కల కోసం మళ్లీ ప్రయత్నిస్తాను.